చాచా సైకిల్ గంట

ఆదివారం వచ్చిందంటే మా బట్టల దుకాణం షట్టర్ తెరవను. సిద్దిపేట దాటి, పొలాల మధ్య దారులు పట్టుకుని సైకిల్ తొక్కుతాను. తోడు చాచా. రిటైరైన పోస్ట్‌మ్యాన్. గేర్ల సైకిల్ నాది, హెల్మెట్టూ నాదే. ఆయనది ఉద్యోగంలో చేరినప్పుడు కొన్న నల్ల సైకిల్. అయినా ఎత్తు వచ్చినప్పుడల్లా రొప్పుతూ వెనకబడేది నేనే.

ఒక్కటే నాకు చిరాకు, ఆ గంట. ఏ ఊరి పొలిమేర కనబడినా చాచా రెండుసార్లు గంట కొడతాడు.

"ఇప్పుడెవలికి పంచాలె చాచా ఉత్తరాలు?" అని విసుక్కుంటే, "చెయ్యి ఆగదు సేటూ" అని నవ్వుతాడు.

మూడు ఆదివారాలు తొగుట దాకా వెళ్ళి వెనక్కి తిరిగాం. ఇంకాస్త ముందుకు పోతే మల్లన్నసాగర్ జలాశయం కట్ట. ఆ నీళ్ళ అందం ఆయనకు చూపించాలని నా తహతహ. ఆయన మాత్రం రానంటాడు. ఆ నీళ్ళలో మునిగిపోయిన వేములఘాట్‌లో చాచా ఇరవై ఏళ్ళు ఉత్తరాలు పంచాడు. ఊరు ఖాళీ అయ్యాక అటువైపు వెళ్ళలేదు. అది తెలిసీ పోరు పెట్టాను, నా మొండితనం అలాంటిది. నాలుగో ఆదివారం తొగుటలో చాయ్ తాగి, ఆయనే "నడు" అన్నాడు.

సీతాఫలాల కాలం. దారి పొడవునా గంపలే. వరి పసుపు తిరుగుతోంది, పత్తి చేలు తెల్లగా పగిలాయి. ఎంత బాగుంటుందో మా నేల! ట్రాక్టర్ మీద పోతున్న ఒకాయన ఆగి, "బండి ఖరాబైందా?" అని అడిగాడు. సరదాకే తొక్కుతున్నామంటే నమ్మలేదు.

కట్ట ఎక్కాం. కనుచూపు మేర నీళ్ళు. చాచా వేలు చాపి చూపించాడు. "గాడ మజీదు. గాడ కిరాణం దుకాణం. గా పక్క సందుల ఒక అవ్వ. భీవండి నుంచి తమ్ముడు ఉత్తరం రాస్తే నేనే సదివి చెప్తుంటి."

ఆయన చెయ్యి గంట మీదికి పోయి ఆగింది.

"కొట్టు చాచా," అన్నాను నేనే.

"ఎవలొస్తరు సేటూ?"

నాకు సిగ్గేసింది. ఆ నీళ్ళకేసి మళ్ళీ చూడలేకపోయాను. ఆయనే సైకిల్ వెనక్కి తిప్పాడు. "ఆళ్ళంత గిప్పుడు గజ్వేల్ కాడ కాలనీల ఉన్నరట. పోదమా?"

మోకాళ్ళు మొత్తుకుంటున్నా సరేనన్నాను.

కాలనీలో అన్నీ ఒకే తీరు ఇళ్ళు. ఎవరిల్లు ఏదో తెలియదు. ఇరవై ఏళ్ళు గడప గడపా ఎరిగిన మనిషి వీధి మధ్యలో బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. తర్వాత గంట కొట్టాడు, రెండుసార్లు.

మూడో ఇంట్లోంచి ఒక ముసలామె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గబగబా బయటికొచ్చింది.

"పోస్టు సాబ్! నాకేమన్న వచ్చిందా?"

చాచా సైకిల్ స్టాండ్ వేశాడు.

"ఏం రాలే అవ్వా. నేనే వచ్చిన."