పడవ పూత పూసిన బల్ల

మా మావయ్యగారిని నేనొకసారి బల్లకు అతికించాను. ఇది సామెత కాదండీ, నిజంగానే అతికించాను. రెండు అరచేతులూ, ఒక మోచెయ్యీ. సంగతి విన్నాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికే చాలావరకు తిట్టేశారు, మీకు మిగిలింది కొంచెమే.

అప్పుడు నేను కాశీబుగ్గ బజారులో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం పెట్టబోతున్నాను. మావయ్యగారికి ఉద్దానంలో కొబ్బరి తోట, జీడి తోట ఉన్నాయి. "స్క్రూడ్రైవరు పట్టుకున్నోడికి పిల్లనిచ్చేను" అని ఆయన నలుగురిలో నిట్టూర్చే రోజులవి. అందుకే ప్రారంభోత్సవానికి ఆయన్నే పిలిచాను. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి ముహూర్తం కూడా ఆయనే పెట్టించారు. దుకాణం చూసి ఒక్కసారి 'భేష్' అంటారని నా ఆశ.

దుకాణానికి ప్రాణం పనిబల్ల. వడ్రంగి అప్పన్న దాన్ని ఫైబర్ బోర్డుతో చేసిచ్చాడు. చెక్కపొట్టులో జిగురు కలిపి అట్టలా అదిమిన పలక అది. చూడటానికి నున్నగా ఉంటుంది గాని, నీళ్ళు తగిలితే పూరీలా పొంగుతుంది. పైన గట్టి పూత తప్పదు.

"రంగు వద్దు అప్పన్నా. లోపలి చెక్క గీతలు కనపడేలా అద్దంలాంటి పూత వెయ్యి."

అప్పన్న నన్ను జాలిగా చూశాడు. "అట్టముక్కకి గీతలేటి బాబూ? సరే, అద్దంలాటి పూతే ఏద్దాం. ముందు సన్న బొక్కలు పూడ్సే సీలరు కొట్టాల. ఆరినాక గీకాల. ఆపైన పీయూ వార్నీషు రెండు కోట్లు. మధ్యన మళ్ళీ గీకాల. అంచులు తెగ పీల్చేత్తాయి, ఆటికి ఇంకో కోటు. ఆనక ఐదు రోజులు దాని జోలికెళ్ళకూడదు."

కోటి విద్యలు కూటి కోసమంటారు. అప్పన్న విద్యంతా కోటు కోసమే! ముహూర్తానికి మూడే రోజులున్నాయి. "నేను చూసుకుంటాలే" అన్నాను. లోకంలో సగం అనర్థాలు ఈ మాటతోనే మొదలవుతాయి.

మర్నాడు ఏదో మోటారు పనిమీద సముద్రపొడ్డున ఉన్న డొంకూరు వెళ్ళాను. అక్కడ నా స్నేహితుడు దానయ్య తన ఫైబర్ పడవకు పడిన చిల్లు పూడుస్తున్నాడు. తేనెలాంటి మందేదో పూశాడు. చూస్తూ చూస్తూండగానే అది రాయిలా గట్టిపడింది.

"ఏటి బావా అది?"

"రెజిను బావా. ఉప్పునీరు, ఎండ, ఇసక, దేనికీ సావదు."

నాకు జ్ఞానోదయమైంది. పడవా ఫైబరే, బల్లా ఫైబరే! పడవలో ఉన్నది గాజు నార అనీ, నా బల్లలో ఉన్నది చెక్కపొట్టు అనీ, రెంటికీ ఉన్న చుట్టరికం నువ్వుల జీడి మిఠాయికీ జీడిపప్పుకీ ఉన్నంతేననీ అప్పుడు తోచలేదు.

"నాకో డబ్బా ఇయ్యి బావా."

"ఇత్తాను గానీ, ఈ సీసాలోది గట్టిపడే మందు. కొలిసి కలపాల. ఎక్కువైతే ఏడెక్కి చిట్లిపోద్ది. తక్కువైతే..."

అప్పటికే నేను బండి స్టార్ట్ చేశాను.

గురువారం పొద్దున్నే పూత వేశాను. చిట్లిపోతుందన్న భయంతో ఆ మందును తీర్థం పోసినట్టు నాలుగే చుక్కలు వేశాను. సాయంత్రానికి బల్ల తళతళలాడిపోతోంది. మా ఆవిడ దమయంతి వేలితో ముట్టి చూసింది.

"ఏటండీ, ఇంకా జిగురుగా ఉంది?"

"కొత్త కదా, సిగ్గుపడుతోంది."

"సిగ్గు కాదండీ, నా ఏలు ఒదల్లేదు."

రాత్రికి ఆరిపోతుందిలే అని పైన పేపరు పరిచి పడుకున్నాను. తెల్లారి లాగితే సగమే వచ్చింది. బల్లకు అంటుకుపోయిన ముక్కలో నా రాశిఫలం ఉంది: 'బంధువులతో అనుబంధం బలపడును.' దానిమీద పూజ పళ్ళెం పెట్టేసి, మిగతా బల్లకు మొహానికి రాసుకునే పౌడరు చల్లి, పైపైన తుడిచాను. జిగురు మాయం! నా తెలివికి నేనే మురిసిపోయాను.

తొమ్మిదింటికి మావయ్యగారు పట్టుపంచెలో వచ్చారు. బల్లను ఆ చివరినుంచి ఈ చివరికి చూశారు.

"బల్ల బాగుందల్లుడూ! ఎవుడు సేసేడు?"

"బల్ల అప్పన్నది. పూత నాది మావయ్యా."

పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన నా భుజం తట్టారు. నా కళ్ళు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫరు, "పెద్దాయనా, బల్లమీద రెండు చేతులూ ఆనించండి, దర్జాగా ఉంటాది" అన్నాడు. మావయ్యగారు దర్జాగా, ఒంటి బరువంతా మోపి ఆనించారు. ఫొటోగ్రాఫరు మూడు ఫొటోలు తీశాడు.

"అల్లుడూ, వదులు."

"నేను పట్టుకోలేదు మావయ్యా."

"మరెవుడు పట్టుకున్నాడు?"

ఆయన లాగారు. బల్ల కూడా ఆయన వెంట జానెడు జరిగింది. ఊతం కోసం మోచెయ్యి ఆనించారు. అదీ అంటుకుంది. పంతులుగారు మంత్రం ఆపి, "ముహూర్తం దాటిపోతోంది" అన్నారు. "నన్ను దాటనిత్తే కదా!" అని అరిచారు మావయ్యగారు. దమయంతి పరుగున కొబ్బరినూనె సీసా తెచ్చి తండ్రి చేతులకింద పోస్తోంది. నేను సన్న రేకుతో అరచెయ్యి అంచులు లేపుతున్నాను. ఆయన మెడ మీద చెమట కారుతుంటే, తుడిచే ధైర్యం లేక ఆ రేకునే ఆడిస్తున్నాను. భూమి చీలితే బావుండునని సీతమ్మ తల్లికి ఎందుకనిపించిందో ఆ క్షణాన తెలిసింది.

అప్పుడొచ్చింది నా మొట్టమొదటి బేరం. ఒకావిడ మిక్సీ చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏం బాబూ, ఇక్కడ బాగుసేత్తారా?" అంది.

మావయ్యగారు మెడ మాత్రం తిప్పి, "వరసలో నిలబడమ్మా! ముందు నన్ను బాగుసెయ్యనీ" అన్నారు.

బజారంతా పగలబడి నవ్వింది. ఆఖరికి మావయ్యగారికీ నవ్వాగలేదు. ఆ నవ్వు కుదుపుకే ఒక చెయ్యి ఊడొచ్చింది! రెండోది వచ్చేసరికి ఇంకో అరగంట పట్టింది. మోచేతి మీది వెంట్రుకలు మాత్రం మా దుకాణంలోనే ఉండిపోయాయి.

మర్నాడు అప్పన్న వచ్చి, ఆ పూతంతా గీకి, సీలరుతో మొదలుపెట్టి తన కోట్లన్నీ వేశాడు. దుకాణానికి ఐదు రోజులు తాళం.

కాబట్టి సకల జనులారా, పాఠక మహాశయులారా, త్రికరణ శుద్ధిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ పూతైనా ఆరిందో లేదో ముందు నా చేత్తోనే చూస్తాను, ఆ తర్వాతే అత్తింటివారిని పిలుస్తాను. ప్రమాణం చేసేటప్పుడు చెయ్యి దేనిమీదైనా ఆనించాలంటారు. క్షమించండి, నేను గాల్లోనే ఎత్తి పట్టుకుంటాను.