చింతగింజల పాచికలు, ఇనుప రాక్షసుడు

పొద్దున చింతపండులో గింజలు తీస్తుంటే, ఒకవైపు తెల్లగా అరగదీసుకున్న మన పాచికలు గుర్తొచ్చాయి. ఆదోనిలో మా వసారా బండల మీద సుద్దముక్కతో రాజ్యం గీసి ఆడేవాళ్లం, గుర్తుందా? కథ చెప్పేది నేను. వీరులు మీరిద్దరూ, మద్దిలేటీ.

ఆట మొదలైన రెండో రోజే ఒక ఇనుప రాక్షసుణ్ణి దించాను. వాడు వీరుల చెయ్యి పళ్ల మధ్యకు లాక్కుంటాడు. మద్దిలేటి గింజలు వేశాడు. నాలుగూ నలుపే పడ్డాయి, అంటే ఓడినట్టే.

"నీ చెయ్యి పోయింది. సచ్చినావు, లెయ్," అన్నాను.

"చెయ్యి పోతే సస్తారా అప్పా? మా నాయన బతికే ఉండాడు కదా."

వాళ్ల నాయన చెయ్యి ఆ ఏడాదే జిన్నింగు మిల్లులో, పత్తి నుంచి గింజలు తీసే మిషనులో పడి పోయింది. నా రాక్షసుణ్ణి నేను తెచ్చుకున్నది ఆ మిషను నుంచే. అయినా కథ చెప్పేవాడి మాటే నెగ్గాలని మొండికేశాను.

"ఆటలో సచ్చినట్టే."

వాడు గింజలు నా ముందు పెట్టి లేచాడు. గడప దగ్గర ఆగి, "మా నాయన్ను మాత్రం మీ ఆటలో సంపొద్దప్పా," అన్నాడు. మళ్లీ రాలేదు.

ఖాజా, రంగా, మీరిద్దరూ అక్కడే ఉన్నారు. ఒక్కడైనా నా చెంప పగలగొట్టి ఉండాల్సిందిరా.