మాబున్ని తెచ్చిన సన్నజాజి

పోయిన ఎండాకాలం బోరు అడుగంటడంతో, కర్నూలులో మా గేటు మీద అమ్మ పాతికేళ్లుగా పెంచుకున్న సన్నజాజి తీగ ఎండిపోయింది. ఒకప్పుడు మా వీధి ఆడపిల్లలందరి జడల్లో ఆ పూలే ఉండేవి. అది పోయాక అమ్మ సాయంత్రాలు బయటికి రావడమే మానేసింది.

చలి తగ్గింది కదా, ఈ రోజు పక్క వీధి మాబున్ని ఒక చిన్న కుండీ పట్టుకుని వచ్చింది. అందులో లేత ఆకులు వేసిన జాజి కొమ్మ.

"అక్కా, నా పెండ్లయిన కొత్తలో నువ్విచ్చిన కొమ్మే కదా మా ఇంట్లో తీగయింది. మీది ఎండిపోయిందని, వానలప్పుడు దాంట్లోంచే ఒకటి నాటినా. సలికి సచ్చిపోతాదని వంటింట్లో పెట్టుకోని సాకినా," అంది.

అమ్మ ఆకులు మెల్లగా తడిమింది. "ఇన్ని నెలలు ఒక మాటైనా చెప్పలేదేమే?"

"బతుకుతాదో లేదో తెలీకుండా నీకు ఆశ పెట్టేదెందుకని చెప్పలేదక్కా."

అమ్మ మాబున్ని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

పువ్వు పూయడానికి ఇంకా నెలలు పడుతుంది. అమ్మ మాత్రం పూలు కట్టడానికి అప్పుడే నన్ను దారం తెమ్మంది. మీ ఇంట్లో మొక్కలు ఎవరెవరి ఇళ్ల నుంచి వచ్చాయో మీకు గుర్తుందా?