పాయ అంచున నాటిన పార

మా దీవిలో పిల్లలు నేర్చుకోవలసింది చాలా ఉంది. మొదటిది మాత్రం ఒకటే. నీళ్ళు ఎప్పుడు తిరిగి వస్తాయో తెలియాలి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బురదనేల మీద దూరం నడిచి వెళ్ళినవాడు, అది తిరిగి రాకముందే ఒడ్డు చేరాలి. చేరకపోతే మిగతా చదువుతో పని లేదు.

ప్యో మల్సూన్‌కి ఈ సంగతి పెళ్ళయ్యాకే తెలిసింది. ఆమె దీవి పిల్ల కాదు, సముద్రం అవతలి గట్టు పిల్ల. కోడలిగా వచ్చిన మొదటి వసంతంలో అత్తగారు హ్వసూన్ ఆమె ఎడమచేయి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే మడిచింది.

"అమావాస్య రోజు పదీ పదికి నీళ్ళు ఆఖరిదాకా పోతాయి. అక్కణ్ణుంచి రోజుకు యాభై నిమిషాలు కలుపుకుంటూ రా. తప్పు లెక్కేశావనుకో, నేను తిట్టక్కర్లేదు. సముద్రమే చెబుతుంది."

ముప్పై ఏళ్ళు మల్సూన్ ఆ వేళ్ళ లెక్కతోనే ఆల్చిప్పలు ఏరింది, బురదలోంచి ఆక్టోపస్‌లు తవ్వింది. మోకాళ్ళు పోయాక బడిలో పిల్లల్ని చూసుకునే పనికి చేరింది.

బడి అంటే నలుగురు పిల్లలు. మాస్టారు వారానికి మూడు రోజులు పడవలో వస్తాడు. మిగతా రోజులు మల్సూనే. ఆమె చదివింది ఆరో తరగతి. పిల్లలు అడిగేవాటిలో సగానికి ఆమె దగ్గర జవాబు ఉండేది కాదు. "నాకు తెలీదమ్మా" అని చెప్పీ చెప్పీ ఆమెకు సిగ్గుగా ఉండేది. ఏది అడిగినా జవాబు చెప్పే ట్యాబ్‌లు బడికి వచ్చాక ఆ సిగ్గు పోయింది. "అడగండి" అనేది. పిల్లలు అడిగేవారు. తిమింగలం ఊపిరి, భిన్నాలు, ఎడారిలో రాత్రి చలి. ఆమె కూడా వాళ్ళ వెనక నిలబడి చదివేది. అవి మంచి రోజులు.

రెండో ఏడు ఒక మధ్యాహ్నం ఉజిన్ అనే పిల్లవాడు బయట వాన పడుతోందా అని ట్యాబ్‌ని అడిగాడు. వాడి పక్కనే కిటికీ ఉంది. మల్సూన్ నవ్వింది. ఆ రాత్రి అన్నం తింటూ మళ్ళీ గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు. కానీ ఏమీ చెయ్యలేదు. అప్పటికి ఆమె కూడా వేళ్ళు మడవడం మానేసింది. నీళ్ళ వేళ ట్యాబ్‌లోనే చూసేది. రెండేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

మూడో వసంతంలో పాతవి తీసుకుని కొత్త ట్యాబ్‌లు ఇచ్చారు. అదే వారంలో పిల్లల్ని ఆల్చిప్పలకు తీసుకెళ్ళే రోజు వచ్చింది. అమావాస్య మర్నాడు. నీళ్ళు బాగా దూరం పోయే రోజు, అంతే వేగంగా వచ్చే రోజు.

"పదకొండూ యాభైకి తిరుగుతుంది" అని ఉజిన్ చదివాడు.

రేవులో పడవ టికెట్లు అమ్మే ఆవిడ కూతురు దాన్బి వేళ్ళు మడుస్తోంది. ఆ పిల్ల సాయంత్రాలు హ్వసూన్ పక్కన కూర్చుని ఆల్చిప్పలు ఒలిచేది.

"పదకొండుకే కదా, టీచరమ్మా?"

"నీ వేళ్ళకి సిగ్నల్ ఉందా?" అన్నాడు ఉజిన్. అందరూ నవ్వారు.

మల్సూన్ తన చేతివైపు చూసుకుంది. ఆ చేతికీ లెక్క తెలుసు. అయినా "ట్యాబ్ చెప్పింది కదమ్మా" అంది.

దాన్బి తన పార తీసుకుంది. అందరితో పాటు పాయ దాటింది. మా బురదనేలకీ ఒడ్డుకీ మధ్య ఒక పాయ ఉంటుంది. నీళ్ళు ఎదురుగా రావు. ముందు ఆ పాయ నిండుతుంది, మన వెనక. ముందుకు చూస్తూ తవ్వేవాళ్ళకి అంతా పొడిగానే కనిపిస్తుంది.

పాయ దాటాక దాన్బి అక్కడే ఆగి, తన పారని నీటి అంచున నాటి కూర్చుంది. మిగతావాళ్ళు బకెట్లతో ముందుకు పోయారు. పదకొండుంపావుకి ఆ పిల్ల అరుపు వినిపించింది.

"టీచరమ్మా! పార మునుగుతోంది!"

మల్సూన్ గడియారం చూడలేదు. బకెట్లు వదిలేయమంది. పాయ దాటేసరికి ఆమెకు నడుము లోతు. చిన్నవాణ్ణి వీపున ఎక్కించుకుంది. ఉజిన్ బూటు ఒకటి బురదలో ఉండిపోయింది. ఒడ్డుకి వచ్చాక నలుగుర్నీ లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

ట్యాబ్ తప్పు చెప్పలేదు. పైన చిన్న అక్షరాల్లో రేవు పేరు ఉంది. పాత ట్యాబ్‌లలో మా దీవి పేరు ఉండేది, ఇది సముద్రం అవతలి గట్టున ఉన్న పట్నం రేవు. నీళ్ళు మా దగ్గర తిరిగిన యాభై నిమిషాలకు గానీ అక్కడ తిరగవు. ఆ పేరు ఎవరూ చదవలేదు.

సాయంత్రం హ్వసూన్ కర్ర ఊతంతో బడి వాకిట్లోకి వచ్చింది.

"ఏమే, నేను మడిచిన వేళ్ళు ఎక్కడ పారేశావే?"

"ఇక్కడే ఉన్నాయి అత్తా. వాడలేదు."

ఊరిపెద్ద కూడా వచ్చాడు. ట్యాబ్‌లు బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నాడు.

"వెయ్యొచ్చు. అప్పుడు నా తప్పు కూడా లోపలే దాక్కుంటుంది" అంది మల్సూన్. "పై ఏడు ఈ పిల్లలు పట్నం బడికి పోతారు. అక్కడ తాళం ఎవరు వేస్తారు? పున్నమికి మళ్ళీ ఆల్చిప్పలకు తీసుకెళ్తాను, అప్పటిదాకా ఆగండి. అప్పుడూ తప్పితే తాళంచెవి మీకే ఇస్తాను."

ఆ రెండు వారాలు హ్వసూన్ రోజూ బడికి వచ్చింది. పిల్లల వేళ్ళు మడిచింది. ఏదైనా అడిగే ముందు తమకు తోచిన జవాబు నోటుపుస్తకంలో రాయాలని మల్సూన్ నియమం పెట్టింది. తప్పైనా సరే. రాశాకే ట్యాబ్ తెరవాలి. ఆమె కూడా రాసింది. ఆమె పుస్తకంలో తప్పులే ఎక్కువ. పిల్లలు వాటిని దిద్దేవారు.

పున్నమి రోజు నల్లబల్ల మీద నాలుగు అంకెలు రాశారు, నలుగురి వేళ్ళ లెక్క. ఆ తర్వాత ఉజిన్ ట్యాబ్ తెరిచాడు. ముందు రేవు పేరు పైకి చదివాడు. మా దీవి పేరే.

"ఏమంటోందిరా అది?" అంది హ్వసూన్.

"మీకూ దానికీ నాలుగు నిమిషాలు తేడా, మామ్మా."

"అయితే దిద్దుకోమను."

పాయ దాటాక దాన్బి పార నాటింది. ఈసారి కాపలా వంతు ఉజిన్‌ది. కాసేపటికి వాడి చెయ్యి భుజాన ఉన్న సంచివైపు పోయింది. సంచి ఖాళీ. ట్యాబ్ ఒడ్డున హ్వసూన్ ఒళ్ళో ఉంది. వాడు ఇంకాస్త ముందుకు జరిగి పారనే చూస్తూ కూర్చున్నాడు.

నీళ్ళు పార అంచుని తాకాయి. వాడు లేచి చెయ్యి ఊపాడు. తవ్వుతున్న ముగ్గురూ బకెట్లు ఎత్తుకున్నారు. పాయలో ఇంకా పాదాలు మునిగేంత నీరే. మల్సూన్ నిలబడి నలుగుర్నీ ముందు దాటనిచ్చింది. తర్వాత పార పీకి భుజాన వేసుకుని తనూ దాటింది.