ఉత్తికాళ్లతో నీళ్లలోకి

డాక్టరు సన్నటి నైలాన్ పోగును అరికాలి మీద ఒక్కోచోట తాకిస్తాననీ, తగిలినప్పుడల్లా చెప్పమనీ అన్నాడు. త్రిమూర్తులు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఏమీ తగలలేదు. ఇంకా మొదలుపెట్టలేదేమోనని కళ్లు తెరిస్తే, డాక్టరు రెండో కాలు కూడా చూడడం పూర్తిచేసి చేతులు కడుక్కుంటున్నాడు.

అది రెండువేల ఇరవై రెండు చలికాలం. షుగరు వచ్చి అప్పటికి చాలా ఏళ్లయింది. కాళ్లలో స్పర్శ పోయిందనీ, ఇకనుంచి గదిలో కూడా చెప్పుల్లేకుండా తిరగొద్దనీ, సముద్రంలో అసలు దిగొద్దనీ డాక్టరు హిందీలో చెప్పాడు. తెగినా కాలినా తెలియదు, తెలిసేలోపు పుండు ముదిరిపోతుంది, అప్పుడు కాలు తీసేయాల్సి వస్తుంది అన్నాడు. త్రిమూర్తులు తలూపాడు. అతనికి అది కొత్త సంగతి కాదు. మొదట్లో ఎప్పుడూ మేజోళ్లు తొడుక్కున్నట్టుండేది. తరువాత ఆ మేజోళ్లు కూడా తెలియడం మానేశాయి.

ఆ ఆదివారమే మళ్లీ నీళ్లలో దిగాడు.

త్రిమూర్తులు దుబాయ్‌కి దగ్గర్లోని ఉమ్ అల్ క్వైన్‌లో ఫైబర్ పడవలు బాగుచేసే యార్డులో పనిచేస్తాడు. పుట్టింది అంతర్వేది పక్కన పల్లిపాలెంలో. మీసాలు రాకముందే తండ్రితో వేటకు వెళ్లి వల లాగాడు. దుబాయ్ వచ్చాక పడవలు రోజూ కళ్లెదుటే ఉన్నాయి కానీ వేట లేదు. యార్డులో పడవ పెట్టుకున్న డంకన్ అనే స్కాట్లండ్ ఇంజినీరు అతనికి ఫ్లై రాడ్ అనే గాలపుకర్ర పట్టడం నేర్పాడు. దానికి ఎర ఉండదు. గాలానికి మేకవెంట్రుకలు, మెరిసే పోగులు కట్టి చిన్న చేపలాంటిదాన్ని తయారుచేస్తారు. దాన్నే ఫ్లై అంటారు. ఈకంత బరువు కూడా ఉండని ఆ ఫ్లైని దూరం తీసుకువెళ్లేది లావుపాటి దారం. దారాన్ని వెనక్కి విసిరి, అది గాలిలో పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. ఆ ఆగడం పట్టుబడడానికి త్రిమూర్తులుకు ఏడాది పట్టింది.

తమ దేశంలో సముద్రంనుంచి ఏటిలోకి ఎదురెక్కే సాల్మన్, ట్రౌట్ చేపల్ని ఒడ్డున మోకాలిలోతులో నిలబడే పడతామని డంకన్ చెప్పేవాడు. మా గోదారిలో పులసా అంతే అని త్రిమూర్తులు చెప్పబోయాడు. తనకొచ్చిన ఇంగ్లీషుకు పులస లొంగలేదు. కరోనా వచ్చిన ఏడు డంకన్ ఉద్యోగం పోయింది. వెళ్లిపోతూ రాడ్ అతని చేతిలో పెట్టాడు.

అప్పటినుంచి సెలవు రోజుల్లో ఒక్కడే వెళుతున్నాడు. ఆటు సమయంలో ఒడ్డు దగ్గర లోతు తగ్గి, చిన్న కవళ్ల చేపలు గుంపుగా మెరుస్తాయి. వాటిని తరుముతూ క్వీన్‌ఫిష్ అనే పెద్ద చేపలు వస్తాయి. ఒకటి దొరికితే గదికి తెస్తాడు, మిగతావి వదిలేస్తాడు. గదిలో ఉండే ప్రసన్నకుమార్ కూర కలుపుకుంటూ, ఎర కూడా పెట్టకుండా చేపను మోసం చేసేవాడు మా బాబాయొక్కడే అని ఎగతాళి చేస్తాడు. త్రిమూర్తులు నవ్వడు, కోప్పడడు.

నీళ్లలోకి ఉత్తికాళ్లతోనే దిగుతాడు. పల్లిపాలెంలో చెప్పులతో పడవ ఎక్కినవాణ్ణి ఎవరూ చూడలేదు. గంగమ్మలోకి చెప్పులతో దిగకూడదని అతనికి ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు, అన్నం ఏ చేత్తో తినాలో నేర్పనట్టే. డంకన్ బూట్లతో దిగితే అది వాళ్ల పద్ధతి అనుకున్నాడు. డాక్టరు మాట విన్న తరువాత కూడా ఇసుక మీద చెప్పులు విప్పుతున్నప్పుడు అతను ధైర్యం చేస్తున్నానని అనుకోలేదు.

ఫిబ్రవరిలో ఒక పెద్ద చేప పడింది. దాన్ని చాలాసేపు ఆడించి దగ్గరకు లాక్కొని, గాలం తీసి వదిలాడు. నీళ్లలో ఎర్రగా కనిపించింది. గాలం లోతుగా దిగిందేమో, పాపం బతకదు అనుకున్నాడు. చేప వెళ్లిపోయింది. ఎరుపు మాత్రం తన చుట్టూనే తిరుగుతోంది. కాలు పైకెత్తి చూశాడు. కుడి అరికాలు అంచున ఆలుచిప్ప ఏదో లోతుగా కోసింది. వేరేవాళ్ల కాలు చూసినట్టు కాసేపు చూశాడు.

తువ్వాలు చించి కట్టుకున్నాడు. మర్నాడు దానిమీదే సేఫ్టీ బూట్లు తొడుక్కుని పనిలోకి వెళ్లాడు. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు వాసన మొదలైతే, గదిలోవాళ్లు అది చేపలదనుకున్నారు.

భార్య వీరదుర్గ పక్క ఊరు అజ్మాన్‌లో శ్రీసుధ అనే ఆవిడ ఇంట్లో వంట చేస్తుంది. సెలవు దొరికిన ఆదివారం కూర గిన్నెతో వస్తుంది. అలా ఒక ఆదివారం వచ్చి, ఆ వాసనకు గుమ్మంలోనే ఆగి, మేజోడు తీయమంది. తీశాక గిన్నె కిందపెట్టి టాక్సీ పిలిచింది.

చిటికెనవేలు, దాని పక్కవేలు తీసేశారు. ఈసారికి ఇంతటితో పోయిందనీ, మళ్లీ ఇలాగైతే మోకాలి కిందినుంచి తీయాల్సి వస్తుందనీ సర్జన్ చెప్పాడు. చూడడానికి వచ్చిన, అందరూ ముదీర్ అని పిలిచే యార్డు మేనేజరు, కాలు ఖలాస్ అయితే పని కూడా ఖలాస్ అని చెప్పి, తెచ్చిన ఖర్జూరాల పెట్టె మంచం మీద పెట్టి వెళ్లాడు. బెదిరింపేమీ లేదు. ఉన్నమాటే చెప్పాడు.

రాడ్ అమ్మెయ్యమని వీరదుర్గ అంటుందని త్రిమూర్తులు ఎదురుచూశాడు. ఆమె ఆ మాట ఎత్తలేదు. కట్టు విప్పేసిన తరువాత ఒకరోజు మందపాటి రబ్బరు అడుగున్న బూట్లు కొని తెచ్చింది.

"దిగితే ఇయ్యేసుకుని దిగు. లేదంటే మానెయ్," అంది.

"గంగమ్మలో బూటుకాలెడతానా?"

"కుళ్లిన కాలైతే పెట్టొచ్చా?"

బూట్లు చాలాకాలం పెట్టెలోనే ఉన్నాయి. ఆదివారాలు పడుకుని గడిపాడు. సముద్రం గుర్తొస్తుందేమోనని చూశాడు, అంతగా గుర్తురాలేదు. దానికి మాత్రం అతనికి కొంచెం భయం వేసింది.

ఎండలు తగ్గాక ఒక ఆదివారం వీరదుర్గ తెల్లారుతూనే వచ్చి, పద అంది. ఇసుకలో కూర్చోబెట్టి బూట్ల తాళ్లు తనే కట్టింది. ఎంత బిగిసిందో అతనికి తెలియదు కాబట్టి, ఆమె బూటులో వేలు దూర్చి చూసుకుంది.

అతను తడి ఇసుక దాకా నడిచి ఆగిపోయాడు. అక్కణ్ణుంచే దారం విసిరాడు. పోయిన రెండు వేళ్ల వల్ల ఒక పక్కకు ఒరిగాడు. ఫ్లై చేపలకు చాలా ఇవతల పడింది. అవతల కవళ్లు చెదురుతున్నాయి, వాటి కింద పెద్దవి తిరుగుతున్నాయి. మళ్లీ విసిరాడు. మళ్లీ ఇవతలే పడింది.

వీరదుర్గ కాసేపు చూసింది. తరువాత తన చెప్పులు విప్పి, కుచ్చెళ్లు ఎగదోపి, అతన్ని దాటి నీళ్లలోకి నడిచింది.

"నీకేదైనా గుచ్చుకుంటే?" అన్నాడు.

"నాకు గుచ్చుకుంటే నాకు తెలుస్తది. రా."

త్రిమూర్తులు ఒక బూటు నీళ్లలో పెట్టాడు. రెండోది కూడా పెట్టాడు. తప్పు చేశానన్న భయం వస్తుందని నిలబడి చూశాడు. అదీ రాలేదు. అల ఒకటి బూట్ల మీదుగా ఒడ్డుకు పోయి తిరిగి వచ్చింది.

ఆమె అరికాళ్లతో నేల తడుముకుంటూ ముందు నడిచింది. ఎడంపక్క చిప్పలున్నాయి, ఇటు రా అంది. ఇక్కడ మెత్తగుంది, నిలబడు అంది. అతను ఆమె భుజం పట్టుకుని ఆ చోట నిలదొక్కుకున్నాడు.

"నీళ్లు సల్లగున్నాయా?" అని అడిగాడు.

"లేవు. ఎచ్చగానే ఉన్నాయి."

అతను తలూపి, ఆమెను కొంచెం పక్కకు జరగమని చెప్పి, దారాన్ని వెనక్కి విసిరాడు.