సోమలింగం తీసిన ఒకే ఒక్క సినిమా

నవాగామ్‌లో సోమలింగాన్ని అందరం డైరెక్టర్ సాబ్ అనేవాళ్ళం. సగం వెటకారం, సగం ముద్దు. మా అందరిలాగే సిరిసిల్ల నుంచి ఈ పరాయి రాష్ట్రానికి మరమగ్గాల పనికని వచ్చి, ఆ మోత పడక పెళ్ళి వీడియోల్లోకి దూకినవాడు. అప్పగింతలప్పుడు పెళ్ళికూతురికి ఏడుపు రాకపోతే "జర ఏడువు బిడ్డా, కెమెరా నడుస్తున్నది" అని బతిమాలేవాడు. ఇలా ఏడిపించీ ఏడిపించీ విసుగొచ్చిందేమో, నలభై దాటాక మగ్గం మనిషి మీద నిజమైన సినిమా తీస్తానని కూర్చున్నాడు. అందులో నటన ఉండకూడదట.

హీరో ముత్యం. సోమలింగానికి చిన్ననాటి దోస్తు, పక్కింటివాడు. పోగు తెగితే మగ్గం ఆపి ముడివెయ్యాలి. ఆపితే గుడ్డ తగ్గుతుంది, కూలి తగ్గుతుంది. అందుకని మావాళ్ళు ఆడుతున్న మగ్గంలోనే చెయ్యి పెట్టి ముడివేస్తారు. అది చేతకానివాణ్ణి చూసి నవ్వుతారు కూడా. ఈ పాడు పౌరుషం ఎవడు నేర్పాడో గానీ, తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

సినిమాలో ముత్యం అదే చేశాడు, పైగా నవ్వుతూ. మా నేతపనివాళ్ళ సంఘం హాల్లో తెల్లగుడ్డ కట్టి వేస్తే ఈలలే ఈలలు. కార్ఖానా సేఠ్ కూడా మెచ్చుకుని ఫోన్లో ఎక్కించుకున్నాడు.

మరుసటేడు దీపావళి దాటాక ముత్యం కుడిచెయ్యి మగ్గం చక్రాల్లో నలిగింది. మణికట్టు దాకా తీసేశారు.

నష్టపరిహారం కోసం సంఘం పెద్ద బుచ్చిరాములు సేఠ్‌ను హాలుకు పిలిపించాడు. సేఠ్ ఫోన్ తీసి సినిమా చూపించాడు. "నడిచే మిషన్‌లో చెయ్యి పెట్టి నవ్వుతున్నాడు. వాడి అలవాటుకు నేనెందుకు ఇవ్వాలి?" అని హిందీలో అడిగాడు.

సోమలింగం లేచాడు. "అది యాక్టింగ్ సేఠ్‌జీ. నేనే చెయ్యమన్న. ముత్యం ఎన్నడు మగ్గం ఆపకుంట చెయ్యి పెట్టడు. నా సినిమా అంత అబద్ధం."

ఊరంతటి ముందు తన ఒక్కగానొక్క సినిమాను అలా మట్టిలో కలిపేశాడు. బుచ్చిరాములు తలాడించాడు, సేఠ్ కూడా మెత్తబడ్డాడు.

అప్పుడు ముత్యం లేచాడు. "ఏందిరా, నువ్వు నేర్పినవా నాకు? మగ్గం ఆపి ముడేసుడు పోరగాండ్ల పని. ఇన్నేండ్ల పనోన్ని పట్టుకొని యాక్టింగ్ అంటవా?"

పెళ్ళాం జమున అంగీ పట్టి లాగింది. ఇంకేం లాభం? సేఠ్ ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. చెయ్యి పోయినా దిగని ఆ పొగరును తిట్టాలో, దానికి దండం పెట్టాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

సోమలింగం కెమెరా అమ్మేసి, ముత్యం ఇంట్లో బియ్యం బస్తా దింపించాడు. గంట తిరక్కుండానే జమున దాన్ని ఈడ్చుకుంటూ వెనక్కి తెచ్చింది.

"నన్ను పని రానోన్ని చేసినోని తిండి వద్దంటున్నడు అన్నా."

సోమలింగం తల వంచుకున్నాడు. జమున మాత్రం కదల్లేదు. బస్తా మీద చెయ్యి అలాగే ఉంది. వెనక్కి ఒకసారి చూసుకుని గొంతు తగ్గించింది.

"లోపల పెట్టియ్యి. రోజింత కొంగుల కట్టుకొని తీస్కపోత. ఎక్కడివని అడిగితే, నేను పనిచేసే ఇంట్ల ఇచ్చిండ్రని చెప్త. నువ్వు మాత్రం నిజం చెప్పకు."