చెంబుకు పట్టిన కళ

ఒక చెంబును చూసి మురిసిపోయిన పాపానికి అత్తగారింట్లో నా పరువు గంగలో కలిసింది. ఎలా కలిసిందో చెబుతాను, భోంచేస్తూ మాత్రం చదవకండి.

పెళ్లయి గిద్దలూరు వచ్చిన కొత్త. ఫోనులో వీడియోలు చూసి నీటిరంగులు నేర్చుకున్నాను. ఇంట్లోని మామూలు వస్తువుల్లోనే అసలు అందం ఉందని కనిపెట్టిన మొదటి మనిషిని నేనేనని ధీమా. చేట వేశాను, కవ్వం వేశాను, చివరికి మసిబట్ట కూడా వేశాను.

"చేట ఇంట్లోనే ఉంది గదమ్మా, మళ్లా కాగితం మీద ఎందుకు?" అనేది మా అత్తమ్మ. ఆవిడ నోట ఒక్కసారి 'బాగుంది' అనిపించుకోవాలని నా ఆరాటం.

ఒకరోజు పెరటి గోడ మీద బోర్లించిన పాత ఇత్తడి చెంబు కనిపించింది. ఒకపక్క చిన్న సొట్ట. ఆ సొట్టలో ఎండ పడి మెరుస్తుంటే అక్కడి నుంచి కదల్లేకపోయాను. చింతపండుతో తళతళా తోమి, అందులో మందారం పెట్టి, బొమ్మ వేసి ఫ్రేము కట్టించాను. మార్కాపురం నుంచి అత్తమ్మ వాళ్ల అక్క భోజనానికి వచ్చిన రోజు, వంటింట్లో ఉన్న అత్తమ్మకు చెప్పకుండా హాల్లో తగిలించాను.

పెద్దత్త బొమ్మ ముందు ఆగిపోయింది. "ఎంత కళగా ఉందే చెంబు. నిజంగా ఉండాదా?"

"ఇంట్లోనే ఉంది పెద్దత్తా."

"అయితే దాంట్లోనే నీళ్లు తేమ్మా. ఈ గ్లాసుల్లో తాగితే తాగినట్టే ఉండదు."

పరుగున తెచ్చి ఇచ్చాను. ఆవిడ ఎత్తి సగం తాగేసరికి మామయ్య పెరట్లోంచి లోపలికి వచ్చారు. లోపలి బాత్‌రూము గిట్టక, పెరట్లో పాత మరుగుదొడ్డికే పోయే మనిషి ఆయనొక్కరే.

"నాలుగు రోజుల నుంచి పెయింటు డబ్బాతో అవస్థ పడతాండా. నా లెట్రిన్ చెంబు ఎవరు తీసినారు?"

పెద్దత్త చెంబు దించింది. అందరూ ముందు చెంబును చూశారు, తర్వాత గోడను చూశారు, ఆ తర్వాత నన్ను చూశారు.

"తోమాను పెద్దత్తా. చింతపండుతో, రెండుసార్లు," అన్నాను. అది ఎవరికీ ఊరట కలిగించలేదు. పెద్దత్త పుక్కిలించడానికి కుళాయి దగ్గరికి పరుగెత్తింది.

అత్తమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి బొమ్మను చాలాసేపు చూసింది.

"శానా బాగా ఏసినావమ్మా," అంది. "దూరం నుంచే ఫలానా చెంబని తెలిసిపోతాంది."

నా కుంచె సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ఏ వస్తువైనా సరే, దాని ఉద్యోగమేమిటో విచారించకుండా అందానికి మురిసిపోను.